ఉండాదా, లేదా

గొట్టం చివర బొట్టు లావెక్కి, కాసేపు వేలాడి, రాలింది. కింద గాజు సీసాలో నీళ్ల మీద తేలుతున్న సన్నటి నూనె పొర ఒకసారి ఊగి మళ్లీ సర్దుకుంది. మూడైంది, ఇంకొక్క గంట, అనుకుంది కృపాకుమారి స్టూలు మీద ముందుకు వంగి కూర్చుని. నాలుగింటికి శ్రీరంగప్ప వస్తాడు, ఆలోపు ఈ ఆవిరి ఆ పాత్రలోని వేరుశనగ నూనెలో ఉన్న చీనీ వాసననంతా ఊడ్చి బయటికి తెచ్చేయాలి, లేకపోతే మూడేళ్ల పని ఇవాళ్టితో సరి. చీనీ అంటే, బయటి ఊళ్లవాళ్లు బత్తాయి అంటారే, అదే. గానుగలో ఎంత పిండినా వేరుశనగ చెక్కలో కొంత నూనె మొండికేసి మిగిలిపోతుంది, దాన్ని రాబట్టాలంటే చెక్కను దేనితోనో ఒకదానితో కడగాలి, ఆ కడిగేది నూనెను తనలో కలుపుకుని బయటికి తేవాలి, తెచ్చాక కాస్త వేడి తగలగానే నూనెను నూనెగా వదిలేసి తన దారిన తాను ఎగిరిపోవాలి. కళ్యాణదుర్గం నుంచి బెళుగుప్ప పోయే దారిలో ఉన్న ఈ ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లుగా ఆ పని చేసింది హెక్సేన్, పెట్రోలుకు దగ్గరి చుట్టం, చూపుకు మాత్రం మంచినీళ్లే. దాని జాగాలో కృపాకుమారి చీనీ తొక్కల్లోంచి తీసిన నూనెను పెట్టింది. లాగడంలో దానికి ఏ లోపమూ లేదు, లోపమంతా వదలడంలోనే. మొదటి రెండు బ్యాచ్‌లూ గుప్పున చీనీ వాసన కొట్టాయి. "ఇట్ల వాసనొచ్చే శెనక్కాయ నూనె ఎవురు కొంటారమ్మా, పండగని ముక్కు దగ్గర పెట్టుకుంటారా?" అన్నాడు శ్రీరంగప్ప పొద్దున, ఫ్యాక్టరీ ఆయనది కాబట్టి వెటకారమూ ఆయనదే. "ఈ మాటు గూడా అట్లే ఉంటే నేను ఆగను. ట్యాంకరు దింపించేస్తా." అని వెళ్లిపోయాడు.

ఆ ట్యాంకరు పొద్దున్నుంచీ గేటు పక్కనే నిలబడి ఉంది, నిండా హెక్సేన్‌తో, డ్రైవరు దాని నీడలోనే గోనెపట్ట పరుచుకుని పడుకున్నాడు. పరీక్షకని ఒక సీసాడు పట్టి ఇచ్చాడు గానీ కుళాయి సరిగా బిగించలేదు, దాని మూతి నుంచి ఎప్పుడో ఒక బొట్టు రాలుతోంది, రాలింది సిమెంటు మీద పడి మచ్చ కాకముందే ఆరిపోతోంది. ఇదంతా ఆమెకు ఎలా తెలుసంటే పొద్దున్నుంచి నాలుగుసార్లు గేటు దాకా వెళ్లివచ్చింది. ఒకసారి కాగితం మీద సంతకానికి, ఒకసారి డ్రైవరుకు నీళ్లివ్వమని చెప్పడానికి, ఒకసారి కుళాయి బిగించమని చెప్పడానికి, చెప్పకుండానే వచ్చేసింది, నాలుగోసారికి సాకు కూడా లేదు. ఆ వాసన కోసం వెళ్లింది. ఎవరితోనూ అనలేని మాట ఇది. ఆ వాసనను ఈ ఫ్యాక్టరీలోంచి వెళ్లగొట్టడానికే చదివింది, అందుకే అనంతపురంలో మంచి ల్యాబులో దొరికిన ఉద్యోగం కాదని ఇక్కడికొచ్చి ఈ రేకుల షెడ్డులో ఉడుకుతోంది, తీరా ఇన్ని నెలలకు అది మళ్లీ గేటు దాకా వస్తే చిన్నపిల్లలా దాని చుట్టూ తిరుగుతోంది. అది నాయన వాసన. సాయంత్రం తను రోడ్డు మీద నిలబడి ఉంటే సైకిలు కంటే ముందు ఆ వాసన వచ్చేది, అమ్మ పొయ్యి దగ్గర నుంచే "నాయనొచ్చినాడు సూడు" అనేది. ఇంకా స్టాండు కూడా వెయ్యకుండా, "మంచు సూపిస్తా, చెయ్యి పట్టు పాపా" అనేవాడు. నిక్కరు జేబులో మందు సీసా అంతటి సీసా, అందులో నీళ్లలా అది. మండుటెండలు, మే నెల, రాళ్లు కూడా సెగలు కక్కే కాలం, కుండలో నీళ్లు కూడా వెచ్చగానే ఉండేవి. చేతి వెనక ఒక్క బొట్టు వేసి ఉఫ్ అని ఊదేవాడు. అబ్బ, ఆ చల్లదనం. చర్మం జివ్వుమని, చిన్న చుక్కంత మేర చలికాలం వచ్చి, మూడు లెక్కపెట్టేలోగా పోయేది. చెయ్యి చూసుకుంటే తడి కూడా ఉండేది కాదు. ఇంకోటి నాయనా, ఇంకోటి, అని వెంటపడేది. తర్వాత కాలేజీలో మేడం బాష్పీభవనం గురించి చెబుతూ ద్రవం ఎగిరిపోయేటప్పుడు వేడిని వెంట తీసుకుపోతుంది అన్నప్పుడు క్లాసంతా రాసుకుంది, కృపాకుమారి మాత్రం రాసుకోలేదు, చెయ్యి వైపు చూసుకుంటూ కూర్చుంది.

"పాపా, ఇంగా పొట్టు ఏయాల్నా, చాలునా?" హనుమంతప్ప బాయిలరు వైపు తలుపులోంచి తల పెట్టి అడిగాడు. నాయనతో కలిసి ఇరవై ఏళ్లు పనిచేసిన మనిషి, ఇప్పుడు వేరుశనగ పొట్టు వేసి బాయిలరు మండించడం ఆయన పని. "వెయ్యి మామా, నాలుగింటి దాకా ఆవిరి తగ్గకూడదు" అంది. ఆయన వెనక్కి తిరిగి నడిచాడు. ఆ నడక. కాలు ఎత్తి ఎత్తి వేస్తాడు, నేల ఎక్కడుందో కాలికి తెలియనట్టు, చెప్పు జారిపోయినా నాలుగడుగులు పోయాక గానీ కిందికి చూడడు. నాయనదీ ఇదే నడక, ఇదే చెప్పులు జారడం. ఊళ్లో అందరూ తాగుడు అనుకునేవాళ్లు, చర్చిలో కూడా ఒకరిద్దరు అనుకున్నారు, నాయన జీవితంలో చుక్క ముట్టలేదు. తాగలేదు, కడుక్కున్నాడంతే. ఈ కరువు నేల మీద తప్ప ఇంకెక్కడా జరగని తప్పు అది. ఫ్యాక్టరీకి నీళ్ల ట్యాంకరు వారానికి రెండుసార్లు వచ్చేది, ఆ నీళ్లు బాయిలరుకూ తాగడానికీ సరిపోతే గొప్ప, చేతులూ కాళ్లూ కడుక్కోవడానికి నీళ్లు అడిగితే మేస్త్రీ మనిషిని ఎగాదిగా చూసేవాడు. హెక్సేన్‌కు మాత్రం కొదవ లేదు. గేటు దగ్గర సగం కోసిన డ్రమ్ములో కొంచెం పోసి ఉంచేవాళ్లు, పక్కన ఒక చెంబు. పని దిగగానే వరసగా నిలబడి మోచేతుల దాకా, మోకాళ్ల దాకా అందులో కడుక్కునేవాళ్లు. జిడ్డు, మసి, చెక్క పిండి, అన్నీ ఒక్క చెంబుతో పోయేవి, తుడుచుకునే పని కూడా లేదు, వాటంతటవే ఆరేవి. నాయన ఆ ఊరందరిలోకీ శుభ్రంగా ఇంటికొచ్చే కూలిమనిషి, అమ్మకు దాని గురించి కాస్త గర్వం కూడా. వేళ్ల చివర్లు చీమలు పాకినట్టు ఉన్నాయంటే బలం లేక అన్నారు, ఏవో మాత్రలు ఇచ్చారు, ఆ హెక్సేనే నరాలను తినేస్తోందని ఎవరికీ తోచలేదు. తర్వాత ఒక ఆదివారం చర్చికి పోయే ముందు అమ్మ వేడినీళ్లు తెచ్చి కాళ్ల మీద పోస్తోంది, పొగలు లేస్తున్నాయి, నాయన పైన పందిరి వైపు చూస్తూ "ఇంగా పోయలేదేమే?" అన్నాడు. చెంబు అమ్మ చేతిలోంచి జారి పడింది, కాళ్లు అప్పటికే ఎర్రగా కమిలిపోయాయి. అప్పుడు కృపాకుమారికి పదమూడేళ్లు. అమ్మ ఆ తర్వాత ఎప్పుడు నీళ్లు పోసినా ముందు తన చెయ్యి పెట్టి చూసేది.

బొట్టు రాలింది. ఆమె సీసా మార్చింది, పాతదాన్ని కిటికీ వెలుగులో పట్టి చూసింది, కింద నీళ్లు, పైన చీనీ నూనె, మధ్య గీత గీసినట్టు. గంట కింద పైపొర వేలు మందాన ఉండేది, ఇప్పుడు దారమంత ఉంది. మంచిదే. కింది నీళ్లను మళ్లీ బాయిలరుకే పంపాలి, ఒక్క చెంబు కూడా పారబోయకూడదు. నీళ్లు. మొదట ఆమె తెచ్చిన ఉపాయం నీళ్లే కదా. ద్రావకాలన్నిటిలోకీ మనిషికీ నేలకీ చెరుపు చేయనిది నీళ్లేనని పుస్తకంలో చదివి, చెక్కలో నీళ్లూ కాస్త ఎంజైమూ కలిపి నూనెను తేల్చి చూపించి, ఎంత సంబరపడిందో. శ్రీరంగప్ప అంతా ఓపిగ్గా విన్నాడు. "చెక్కకు ఎన్నింతల నీళ్లు గావాల?" అన్నాడు. "నాలుగింతలు సార్." ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు, బయట ఎర్రమట్టి, కంప చెట్లు, ఎండిపోయిన రెండు బోర్లు. "ఏమమ్మా, అన్ని నీళ్లే ఉంటే నేను నూనె యాపారం యాల చేస్తా, వరి పెట్టుకుని కాలు మీద కాలేసుకుని కూసుంటా గదా" అన్నాడు. రెండోది ఆల్కహాలు. ఆ మాట చెవిన పడ్డ నాడు ఫ్యాక్టరీలో అందరి ముఖాల్లో వచ్చిన కళ ఆమె ఎప్పటికీ మరచిపోదు, "డ్రమ్ములతో వస్తాదా పాపా?" అని హనుమంతప్ప ఎంతో వినయంగా అడిగాడు, ఆ సాయంత్రమే ఆ ఉపాయం మూలకు పడింది. బొగ్గుపులుసు గాలిని గట్టిగా నొక్కి పిండితే అదే ద్రావకమవుతుంది, అన్నిటికన్నా శుభ్రమైన దారి, కానీ ఆ యంత్రం కాఫీ గింజల నుంచో సెంటు పూల నుంచో సారం తీసేవాళ్లకు గానీ చెక్క కడుక్కునేవాళ్లకు కాదు. ఇంక ఏదీ లేదనుకుని కళ్యాణదుర్గం బస్టాండులో కూర్చున్న ఒక మధ్యాహ్నం, జ్యూసు బండి వాడు చీనీలు కోసి కోసి తొక్కల్ని ఐసు పెట్టుకునే థర్మాకోలు పెట్టె మూత మీద పడేస్తున్నాడు, ఆ మూత అంతా గుంటలు గుంటలు, ఎలుక కొట్టినట్టు. ఏమయింది దానికి అంటే, "చీనీ తొక్క తినేస్తాదిక్కా, నెలకొక మూత మారుస్తాండా" అన్నాడు వాడు విసుగ్గా. ఆమె లేచి నిలబడింది, ఎక్కాల్సిన బస్సు ఆమె కళ్ల ముందే వెళ్లిపోయింది. థర్మాకోలును కరిగించేది వేరుశనగ నూనెను కరిగించదా. జిల్లా అంతా చీనీ తోటలే, జ్యూసు తీసే ప్రతిచోటా తొక్కలు కుప్పలే, తొక్కను ఆవిరిలో పెడితే నూనె వస్తుంది, చేతుల మీద పడితే వాసన తప్ప మరే కష్టమూ లేదు, దానితో కాళ్లు కడుక్కున్న మనిషి వేడినీళ్లు వేడిగా ఉన్నాయని తెలుసుకుంటూనే ఉంటాడు. ఆ రోజు ఆమె ఒక తొక్క చున్నీలో మూటగట్టుకుని ఇంటికి పోయింది.

కానీ అది ఎగరదు. మొదటిసారి శుభ్రంగా తీసిన చీనీ నూనె సీసా చేతికొచ్చిన రోజు, చుట్టూ ఎవరూ లేకుండా చూసుకుని, చేతి వెనక ఒక్క బొట్టు వేసుకుని ఊదింది. ఏమీ కాలేదు. ఇంకోసారి ఊదింది. బొట్టు అక్కడే ఉంది, మెరుస్తూ, బద్ధకంగా, సాయంత్రం దాకా చెయ్యి చీనీ వాసన వేస్తూనే ఉంది, సబ్బు పెట్టినా పోలేదు. ఇంత మంచిదానికి ఆ ఒక్కటీ చేతకాదు. చల్లబరచడం చేతకాదు, విడిచిపెట్టి పోవడం చేతకాదు. నాయనను చంపినదానికేమో పోవడమే గొప్ప విద్య. చంపింది అంటే హెక్సేన్ నేరుగా చంపలేదు, కంపముల్లు చంపింది, కాలిలో ముల్లు దిగి విరిగితే తెలియని కాలు అది, ఎన్నాళ్లు దాని మీద నడిచాడో, చీము పట్టి జ్వరం వచ్చి అనంతపురం ఆసుపత్రికి చేర్చేసరికి కాలు నల్లగా ఉంది. ఆమె యూనివర్సిటీ హాస్టలు నుంచి పరిగెత్తుకుంటూ వచ్చేసరికి ఇంకా మాట్లాడుతున్నాడు. "నొప్పి ల్యా పాపా, ఏడ్వొద్దు" అన్నాడు. నిజమే, నొప్పి లేదు, అదే కదా అసలు సంగతి. తర్వాత వారానికి పెట్టె తెరిచి ఖాకీ చొక్కా తీసింది. హాస్టల్లో గౌతమి అనే స్నేహితురాలు వాళ్ల నాయన పోయాక ఆయన దుప్పటి తెచ్చుకుని కప్పుకునేది, ఏడాది దాటినా బీడీ వాసన ఉండాదే అనేది. కృపాకుమారి చొక్కాలో ముఖం పెట్టుకుని గట్టిగా పీల్చింది. ఏమీ లేదు. బట్ట వాసన, పెట్టె ఇనుము వాసన, అంతే. అది ఆగే వాసన కాదు కదా, ఎగిరిపోయింది. తండ్రిని పోగొట్టుకున్న ప్రతి ఒక్కరికీ ఏదో ఒక వాసన మిగులుతుంది, ఆమెకే మిగల్లేదు. ఆ చొక్కా పట్టుకుని ఆ రోజు ఏడ్చినట్టు శవం దగ్గర కూడా ఏడవలేదు.

మూడు ముప్పావు. గొట్టంలో ఆవిరి కూత పలచబడింది, రెండు బొట్ల మధ్య ఇప్పుడు ఒక ప్రార్థన మొత్తం చెప్పుకోవచ్చు, చెప్పుకుంది కూడా, సగంలో దారి తప్పింది. నాయన ఉంటే సీసాలూ గొట్టాలూ ఏవీ అక్కర్లేదు, ఫ్యాక్టరీకి ముక్కు ఆయనే. బ్యాచ్ దిగగానే ఐజాక్‌ను పిలవండి అనేవాళ్లు. ముందు బాయిలరు బూడిదతో చేతులు రుద్దుకుని, కాసిని నీళ్లతో, ఆ పనికి మాత్రం నీళ్లిచ్చేవాళ్లు, కడుక్కుని, అరచేతిలో నూనె బొట్టు వేసుకుని రెండు చేతులూ వేడెక్కేదాకా రాపాడించి, అందులో ముఖం పెట్టేవాడు. ఒకే మాట చెప్పేవాడు. హెక్సేన్ మిగిలి ఉంటే "ఉండాది", నూనె మళ్లీ ఆవిరికి పోయేది. లేకపోతే "లేదు", డబ్బాలకు ఎక్కేది. ఆ ఫ్యాక్టరీలో లేదు అన్నదే శుభవార్త. ఇంట్లోనూ ఆయనకు అదే అలవాటు, పరీక్ష ఎట్లుందని అడిగి, కష్టంగా ఉండాదా అని అడిగి, ఆమె లేదు నాయనా అంటే నవ్వేవాడు. ఇవాళ ఆ పని హనుమంతప్పది, ఆ విద్య ఆయన నాయన దగ్గరే నేర్చుకున్నాడు. ఆమె ముక్కు పనికిరాదు, ఎనిమిది నెలలుగా చీనీ తొక్కల మధ్య బతుకుతున్న ముక్కుకు చీనీ తెలియదు. నాయనా, నువ్వుంటే బాగుండేది. నాకు నువ్వు కావాలి. ఈ నూనె చేతిలో వేసుకుని ఆ ఒక్క మాట నువ్వు చెప్పాలి, వేరే ఎవరు చెప్పినా అది సగమే.

శ్రీరంగప్ప స్కూటరు చప్పుడైంది. ఆమె ఆవిరి కట్టేసి, పాత్ర అడుగు నుంచి గిన్నెలోకి నూనె పట్టింది. బంగారు రంగులో, పలచగా, చూపుకు వంక పెట్టేదేమీ లేదు. చల్లారేదాకా ముగ్గురూ దాని చుట్టూ నిలబడ్డారు. హనుమంతప్ప బూడిదతో చేతులు రుద్దుకున్నాడు, కడుక్కున్నాడు, అరచెయ్యి చాపాడు. ఆమె చెంచాతో బొట్టు వేసింది. ఆయన రాపాడించాడు, నాయన ఎంతసేపు రాపాడించేవాడో అంతసేపూ, తొందర లేకుండా, కళ్లు మూసుకుని, తర్వాత చేతుల్లో ముఖం పెట్టాడు. ఆమెకు ఆ వంగిన మెడా, ఆ ఖాకీ చొక్కా కాలరూ మాత్రమే కనిపించాయి. ఒక్క క్షణం, ఒక్కటంటే ఒక్క క్షణం, ఉండాది అంటే బాగుండును అనిపించింది. ఉండాది అంటే ట్యాంకరు దింపుతారు, రేపట్నుంచి ఈ ఆవరణంతా నాయన వాసనే. ఆ కోరిక చూసుకుని ఆమెకే భయం వేసింది. ఆయన కాళ్ల వైపు చూసింది, ఎడమ చెప్పు మళ్లీ జారి వెనక పడి ఉంది, ఆయనకు తెలియదు.

హనుమంతప్ప తల ఎత్తాడు. "లేదు" అన్నాడు.

"సరిగా సూడప్పా, చీనీ లేదా?" అన్నాడు శ్రీరంగప్ప.

"లేదు సామీ. చీనీ లేదు, ఆ పాత వాసనా లేదు. శెనక్కాయ ఒకటే ఉండాది."

శ్రీరంగప్ప తానూ వేలు ముంచి వాసన చూశాడు, నాలుక మీద పెట్టుకున్నాడు, కాసేపు నూనె వైపు, కాసేపు ఆమె వైపు చూశాడు. "సరే కృపమ్మా," అన్నాడు, "ఆ ట్యాంకరోణ్ణి వాపసు పొమ్మను. కాగితం నేను రాసిస్తా." హనుమంతప్ప ముఖమంతా నవ్వే. ఆమె వంగి, ఆయన చెప్పును కాలి దగ్గరికి జరిపింది, వేలు పట్టుకుని అందులోకి దూర్చింది. ఆమె చెయ్యి తగిలినట్టు ఆయనకు తెలియలేదు, నూనె వైపే చూస్తున్నాడు. తర్వాత కాగితం తీసుకుని గేటు వైపు నడిచింది, ఐదోసారి, ఈసారి సాకుతోనే.

డ్రైవరు గోనెపట్ట దులిపి మడుస్తున్నాడు. కాగితం ఇస్తే చదువుకుని, దింపకుండా పంపేవాళ్లను మొదటిసారి చూస్తున్నట్టు తల ఊపి, తలుపు తీసి పైకెక్కాడు. ఇంజను మొదలైంది. కుళాయి మూతికి ఒక బొట్టు పట్టి వణుకుతోంది. ఆమె అటూ ఇటూ చూసింది, చెయ్యి తిరగేసి దాని కింద పట్టింది. రాలింది. ఊదింది. చర్మం జివ్వుమంది, చుక్కంత మేర, నాయన, సైకిలు, ఇంకోటి నాయనా ఇంకోటి, ఒకటి, రెండు, మూడు. చెయ్యి పొడిగా ఉంది.

ట్యాంకరు కదలకపోవడం చూసి ఆమె తలెత్తింది. డ్రైవరు కిటికీలోంచి వంగి చూస్తున్నాడు, అద్దంలో ఆమె కనబడి ఆపినట్టున్నాడు, ఆమె ఇంకా చెయ్యి అలాగే చాపి నిలబడి ఉంది.

"ఏం మేడం, ఇంగేమన్నా ఉండాదా?"

ఆమె చేతి వెనక్కి చూసుకుంది.

"లేదప్పా," అంది. "పో."